సెస్నా 172 చిన్న విమానం చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టే ముందు

అమెరికాలో పైలట్ లైసెన్సు ఉన్న యజమాని తన సొంత విమానానికి ఈ పని తానే చేసుకోవచ్చు. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల్లో పార్ట్ 43 అందుకు అనుమతిస్తుంది. మొదటిసారైతే మాత్రం అనుభవమున్న మెకానిక్‌ను పక్కన పెట్టుకోండి.

□ విమానం హ్యాంగర్ లోపలే ఉందా? బయట గాలి వీస్తుంటే జాకీ ఎత్తవద్దు. నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి.

□ జాకీ ఎత్తాక, యాక్సిల్ నట్ (చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే నట్) విప్పకముందే టైరులో గాలి పూర్తిగా తీసేయండి. ఇది దయచేసి మరిచిపోకండి. ఈ చక్రం రెండు ముక్కలు, బోల్టులతో బిగించి ఉంటుంది. గాలి ఉండగా పొరపాటున ఆ బోల్టులు వదులు చేస్తే ముక్కలు పేలినట్టు ఎగిరిపడతాయి. ప్రాణం పోవచ్చు.

□ బ్రేకు విప్పాక ఎవరూ పెడల్ తొక్కకూడదు. కాక్‌పిట్‌లో కాగితం అంటించండి.

□ పాత గ్రీజు ఏ రకమో తెలుసా? రెండు రకాలు కలిస్తే పలచబడి కారిపోవచ్చు. మాన్యువల్ చెప్పిందే వాడండి, పాతది పూర్తిగా కడిగేయండి.

□ కడిగిన బేరింగును కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పవద్దు. సరదాగా అనిపిస్తుంది కానీ రోలర్లు ఊడి బుల్లెట్లలా వస్తాయి.

□ రోలర్ల మీద గుంటలు, నీలి మచ్చలు కనిపిస్తే బేరింగు, కప్పు (రోలర్లు తిరిగే బయటి రింగు) రెండూ మార్చాల్సిందే.

□ కొత్త కాటర్ పిన్ (నట్ వదులు కాకుండా ఆపే పిన్ను), శుభ్రమైన గుడ్డలు, చేసిన పని రాసే లాగ్‌బుక్ దగ్గర పెట్టుకోండి. బ్రేకు డిస్కుకు గ్రీజు అంటనీయకండి.