ఎడమ కిందకు పడే పెల్లెట్లు: గ్రిప్‌తో సరైన తీరు

10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కుడిచేతి వాటం షూటర్‌కు పెల్లెట్లు (చిన్న గుళ్లు) టార్గెట్‌పై ఎడమ కింద గుంపుగా పడుతుంటే, వెంటనే సైట్ (గురి చూసే భాగం) స్క్రూ తిప్పొద్దు. ట్రిగ్గర్‌తో పాటు మిగతా వేళ్లూ బిగుసుకోవడమే చాలాసార్లు కారణం. టార్గెట్ మధ్యలో పది పాయింట్లిచ్చే వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే మరి!

పనిచేసిన మార్పు: ఎడమ చేత్తో పిస్టల్ ముందుభాగం పట్టుకుని, కుడి బొటనవేలు, చూపుడువేలి మధ్య చీలికను గ్రిప్ (పిస్టల్ పిడి) వెనక పైదాకా ఆనించి, ఆ తర్వాతే వేళ్లు చుట్టాను. ఒత్తిడంతా మధ్యవేలు, ఉంగరపు వేలితో నేరుగా వెనక్కి. బొటనవేలు, చిటికెనవేలు ఊరికే ఆనాలి. చూపుడువేలు గ్రిప్ చెక్కకు రాసుకుంటే ట్రిగ్గర్ పక్కకు లాగుతుంది. ఆ చోటు గరుకు కాగితంతో అరగదీశాను.

పరీక్ష: కళ్లు మూసి చెయ్యెత్తి, తెరవాలి. ఫ్రంట్ సైట్ వెనక సైట్ గాడి మధ్యలో లేకపోతే మణికట్టు తిప్పకుండా, పట్టు మళ్లీ మొదటినుంచి పట్టాలి. ఆపై డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన.