కోడిపిల్లలు ఉన్నట్టుండి తూగుతుంటే: ముందు వయసు, తర్వాత రెట్ట, ఆపైన మందు

నిన్న సాయంత్రం దాకా చలాకీగా తిరిగిన పిల్ల పొద్దున్నే రెక్కలు వాల్చి మూలన తూగుతుంటే, చేయి ముందుగా ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొడి మీదకే పోతుంది. చలికి ముడుచుకున్న పిల్లకు ఆ పొడి వెచ్చదనం ఇవ్వదు. రక్తపారుడును ఆపదు. కొక్కెర తెగులు (రాణిఖేత్) వైరస్‌ను ఏమీ చేయదు. అందుకే ముందు పిల్లకు ఎన్ని రోజులో లెక్కేయండి.

మొదటి వారంలోనే చనిపోతుంటే

ఈ వయసులో ఎక్కువగా తప్పు వేడిలోనే ఉంటుంది. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలి. గోడలవైపు జరిగి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైంది. మొదటి వారం పిల్లల ఎత్తులో 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, ఆ తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగునిస్తుందే తప్ప వేడినివ్వదు. పాతరకం ఫిలమెంట్ బల్బే పెట్టాలి. కరెంటు పోయినప్పుడు బొగ్గుల కుంపటి పెట్టి తలుపులన్నీ మూస్తే, ఆ గాలికి తెల్లారేసరికి పిల్లలన్నీ పోతాయి. కిటికీ ఒకటి తెరిచే ఉంచండి.

చలి తగిలిన పిల్లకు వెనక రెట్ట గట్టిపడి ద్వారం మూసుకుపోతుంది. దాన్ని గోటితో పీకకండి, చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదిని రెండు నిమిషాలు ఆనించి ఉంచితే మెత్తబడి దానంతటదే జారుతుంది. తుడిచి, ఆరబెట్టి, కొబ్బరినూనె రాయండి. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల బెల్లం కలిపి ఒక పూట తాగించండి.

బొడ్డు ఎర్రగా తడిగా ఉండి, పొట్ట ఉబ్బి, దుర్వాసన వస్తుంటే పొదిగిన చోటే సూక్ష్మక్రిములు పట్టాయన్నమాట. అలాంటివి బతకడం అరుదు, వెంటనే వేరు చేయండి. మురికి గుడ్లు పొదగేయకపోవడమే దీనికి మందు.

మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో రక్తపు రెట్ట

ఇది రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. మన నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకు పిల్లల కింద పరిచిన ఊక తడిసి ముద్దకడుతుంది. రెట్టలో పడిన కాక్సిడియా అనే పరాన్నజీవి గుడ్లు ఆ తడిలో ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే స్థితికి వస్తాయి. నీళ్ల డబ్బా చుట్టూ ఉన్న ఊకను గుప్పిట్లో నొక్కి చూడండి, ఉండలా నిలిస్తే తడి ఎక్కువైనట్టే.

కొత్తగా పెంచేవాళ్లు ఒకచోట మోసపోతుంటారు. ముదురు గోధుమ రంగులో జిగటగా పడే రెట్ట రోగం కాదు, అప్పుడప్పుడు అలా రావడం సహజం. అనుమానంగా ఉంటే రాత్రి పిల్లల కింద తెల్లకాగితం పరవండి, నిజంగా రక్తముంటే పొద్దున ఎర్రగా కనిపిస్తుంది. చనిపోయిన పిల్లను కోసి చూస్తే, పేగు చివర రెండు వేళ్లలా ఉండే గొట్టాలు రక్తంతో ఉబ్బి ఉంటాయి.

దీనికి మందు ఆంప్రోలియం 20 శాతం పొడి: 5 లీటర్ల నీళ్లకు 6 గ్రాములు, 5 రోజులు. తర్వాత వారంపాటు 5 లీటర్లకు ఒకటిన్నర గ్రాములు. చెంచాతో కాదు, త్రాసుతో తూచండి. రోజూ కొత్తగా కలపండి, వేరే నీళ్లు అందకుండా చూడండి. ఈ మందు ఇస్తున్నన్నాళ్లూ బి-కాంప్లెక్స్ ఇవ్వకండి: ఆంప్రోలియం పనిచేసేది బి1 విటమిన్‌ను అడ్డుకోవడం ద్వారానే, కాబట్టి రెండూ కలిపితే మందు తేలిపోతుంది. తడి ఊక తీసి పొడిది వేయకపోతే, మందు ఆపిన కొద్ది రోజులకే మళ్లీ వస్తుంది.

మెడ తిరిగిపోతుంటే

తల వెనక్కి వాలి ఆకాశం చూస్తున్నట్టుండి, మిగతా పిల్లలు బాగుంటే బి1 లోపం కావచ్చు. బి-కాంప్లెక్స్ చుక్కలు వేస్తే త్వరగానే తేరుకుంటుంది. మెడ తిప్పడంతోపాటు పచ్చని రెట్ట, గురక, కాళ్లు పడిపోవడం కనిపించి, రోజురోజుకూ ఎక్కువ చనిపోతుంటే కొక్కెర తెగులు. దీనికి మందు లేదు, టీకా ఒక్కటే. 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో లాసోటా టీకా ఒక చుక్క, 28వ రోజుకు మళ్లీ, 8 వారాలకు ఆర్2బి టీకా సూది. టీకా సీసాను ఐసు ఫ్లాస్కులోనే తేవాలి. కలిపాక గంటన్నరలో వాడేయండి, మిగిలింది దాచకండి.

మేత వల్ల వచ్చేవి

ఉప్పు ఎక్కువున్న ఎండుచేపల పొడి పెడితే పిల్లలు నీళ్ల దగ్గరే నిలబడి, పొట్టలో నీరు చేరి పోతాయి. ఆ మేత ఆపి, మంచినీళ్లు కొద్దికొద్దిగా ఇవ్వండి. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న ఎండబెట్టినా విషం పోదు, పారేయండి.

ఒకటి రెండు రోజుల్లో చాలా చనిపోతే

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ బయటపడింది. కాబట్టి తలమీది తురాయిలు నీలిరంగుకు మారి ఒక్కసారిగా చస్తుంటే చేత్తో ముట్టకండి, కోయకండి, అమ్మకండి, కాలువలో పడేయకండి. పశువైద్యుడికి వెంటనే చెప్పండి.

మిగతా సందర్భాల్లో పశువుల ఆసుపత్రికి అప్పుడే చనిపోయిన రెండు పిల్లలను, జబ్బుగా ఉన్న ఒకదాన్ని తీసుకెళ్లండి. చనిపోయినవాటిని పాలిథిన్ సంచుల్లో కట్టి, ఐసు మధ్యలో పెట్టి పొద్దున్నే బయలుదేరండి. ఎండకు కుళ్లిన పిల్లను కోసినా ఏ జబ్బో తెలియదు.