ముందు జానెడు, తర్వాత బెత్తెడు: బీడు గడ్డిని స్లాషర్‌తో దించే తీరు

రెండేళ్లు కోతా మేతా లేకుండా వదిలేసిన బీడులో గడ్డి నడుమెత్తు లేస్తుంది. పైకి పచ్చగానే ఉంటుంది గానీ చేత్తో పాయ తీసి చూస్తే కింద నిరుటి ఎండుగడ్డి చాపలా పరుచుకుని ఉంటుంది. ట్రాక్టర్‌ని బరువెక్కించేది ఆ చాపే. దాన్ని స్లాషర్‌తో (ట్రాక్టర్ వెనక తగిలించే గడ్డికోత యంత్రం) ఒకే సాలులో నేలకు దించాలని చూసినప్పుడే గేర్లను కాపాడే షియర్ బోల్టు తెగుతుంది, ఇంజను వేడెక్కుతుంది, కోసిన గడ్డి ముద్దలుగా పడుతుంది. మొదటి సాలు జానెడు ఎత్తున, రెండో సాలు బెత్తెడు ఎత్తున కోయాలి. రెండుసార్లు తిప్పితే డీజిల్ దండగ అనిపిస్తుంది గానీ, ఒక్కసారికే దించబోయి ఆగి ఆగి నడిపేవాళ్లకే ఎక్కువ తాగుతుంది.

రోటావేటర్ వేస్తే ఒక్కరోజులో అయిపోతుందని చాలామంది అనుకుంటారు. నిలువు గడ్డిలో పెడితే పొడవాటి కాడలు రోటర్‌కు చుట్టుకుని సీళ్లలోకి దూరతాయి, ఆ వెనకే బేరింగులు పోతాయి. అంతకన్నా పెద్ద నష్టం గరికతో, తుంగతో. గరికను ముక్కలు చేస్తే కణుపున్న ప్రతి ముక్కా మొలుస్తుంది. తుంగ గడ్డలు ఒక మూల ఉన్నవి పొలమంతా పరుచుకుంటాయి. మేత బీడుగానో, మామిడి, కొబ్బరి, ఆయిల్ పామ్ తోటగానో ఉంచుకోవాలనుకున్న నేలను దున్నకుండా కోయడమే మేలు.

ఏ యంత్రం

స్లాషర్‌లో గేర్‌బాక్సు కింద పళ్లెం లాంటి ఇనప దిమ్మ, దాని రెండు కొసల బోల్టు మీద ఊగే బ్లేళ్లు ఉంటాయి. రాయో మొద్దో తగిలితే బ్లేడు వెనక్కి మడుచుకుంటుంది. ఫినిష్ మోవర్ వేరు. ఫాంహౌసుల్లో లాన్లకు, ఆట మైదానాలకు వాడే ఆ యంత్రానికి మూడు స్పిండిళ్లు (బ్లేళ్లు తిరిగే ఇరుసులు), వాటిని తిప్పే బెల్టు, మూలలకు చిన్న చక్రాలు ఉంటాయి. బ్లేళ్లు స్పిండిళ్లకు బిగించేసి ఉంటాయి, మడవవు. మొద్దు తగిలిన దెబ్బ నేరుగా స్పిండిల్ మీద పడుతుంది. నడుమెత్తు బీడుకు అది చేసిన యంత్రం కాదు, దారికొచ్చిన గడ్డిని తీరుగా ఉంచడానికే పనికొస్తుంది.

సత్తువ లెక్క: స్లాషర్ అడుగు వెడల్పుకు కనీసం 5 హెచ్‌పీ. అది మామూలు గడ్డికి. చాప కట్టిన బీడుకైతే 5 అడుగుల స్లాషర్‌కు 35 హెచ్‌పీ, 6 అడుగులకు 45 హెచ్‌పీ ఉంటే నెమ్మదిగా పని జరుగుతుంది. చిన్న ట్రాక్టర్‌కు బరువైన స్లాషర్ తగిలించి పైకి లేపితే ముందు చక్రాలు తేలి స్టీరింగ్ తిరగదు. అలాంటప్పుడు ముందు బంపర్‌కు బరువులు వేసుకోవాలి.

ముందు నడిచి చూడాలి

ఈ పని ట్రాక్టర్ మీద కూర్చుని చేసేది కాదు. చేతికర్రతో గడ్డి తడుముతూ, మోకాళ్లదాకా బూట్లు వేసుకుని, నాలుగు అడుగుల ఎడంలో సాళ్లుగా నడవాలి. రక్తపింజర ఉండే చోట్లివే కాబట్టి కర్ర చప్పుడు ముందు, కాలు తర్వాత. పాత కంచె తీగ, డ్రిప్ లేటరళ్లు (సన్న పైపులు), హద్దు రాళ్లు, పుట్టలు, నరికి వదిలేసిన మొద్దులు కనిపిస్తే పొడవాటి కర్ర పాతి రంగు గుడ్డ కట్టండి. తీగ, పైపు మాత్రం గుర్తు పెట్టి వదలకుండా అప్పుడే ఏరేయాలి. మూర పొడవు తీగ చుట్టుకున్నా గేర్‌బాక్సు కింది సీలు కోసుకుపోతుంది, తెగిన ముక్క తూటాలా ఎగురుతుంది. గట్టు లేని పాత దిగుడు బావి, మూత లేని బోరు గుంత ఉన్నాయేమో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి మరీ తెలుసుకోండి. వాటి చుట్టూ మూడు నాలుగు గజాలు ట్రాక్టర్ వెళ్లకూడదు, అక్కడ కొడవలే.

సర్కారు తుమ్మ మొక్కలుంటే బొటనవేలు లావు వరకూ స్లాషర్ కోస్తుంది. అంతకన్నా లావువి ముందే గొడ్డలితో నేలమట్టానికి నరికించాలి. స్లాషర్ కోసిన తుమ్మ మోడు ఏటవాలుగా, మొలలా నిలుస్తుంది. రెండో సాలులో టైరు పంక్చరయ్యేది దానివల్లే.

తగిలించేటప్పుడు

ఇంజను సత్తువను వెనక యంత్రానికి అందించే పీటీఓ షాఫ్టు పొడవు మొదట చూడండి. స్లాషర్‌ను పూర్తిగా కిందికీ పైకీ కదిపితే షాఫ్టు ఎంత సాగుతుందో, ఎంత ముడుచుకుంటుందో తెలుస్తుంది. బాగా సాగినప్పుడు కూడా లోపలి గొట్టం మూడో వంతైనా బయటి దానిలో ఉండాలి. బాగా ముడుచుకున్నప్పుడు ఇంకా అంగుళం ఖాళీ మిగలాలి. ఆ ఖాళీ లేకపోతే లేపిన ప్రతిసారీ షాఫ్టు పీటీఓ బేరింగును లోపలికి గుద్దుతుంది. రెండు చివర్ల యోకులు (కీలు పట్టే పంగలు) ఒకే వరసలో ఉండాలి, ప్లాస్టిక్ గార్డు ఊడదీయకూడదు. క్రాసులకు (యోకుల మధ్య శిలువలాంటి కీళ్లు) రోజూ గ్రీజు, గేర్‌బాక్సులో 90 నంబరు గేరాయిలు లెవల్ బోల్టు దాకా.

ఎక్కువ మంది తప్పుచేసేది షియర్ బోల్టు దగ్గర. తెగిపోవడమే దాని పని. మెత్తటి బోల్టు తెగితే పదో ఇరవయ్యో రూపాయల ఖర్చు. అది తెగుతోందని విసిగి తల మీద 8.8 అని అంకె ఉన్న గట్టి బోల్టు వేస్తే మొద్దు తగిలినప్పుడు తెగేది గేరు పళ్లు. యంత్రంతో వచ్చిన పుస్తకంలో చెప్పిన గ్రేడు బోల్టులే అరడజను టూల్ బాక్సులో ఉంచుకోండి. షియర్ బోల్టు బదులు, బరువెక్కినప్పుడు జారి గేర్లను కాపాడే స్లిప్ క్లచ్ ఉంటే ఇంకో సంగతి. వానాకాలమంతా షెడ్డులో ఉన్న స్లిప్ క్లచ్ పలకలు తుప్పుతో అతుక్కుపోతాయి, జారాల్సినప్పుడు జారవు. నట్లు ఎంత పొడవు బిగించి ఉన్నాయో కొలిచి రాసుకుని, వదులు చేసి, రెండు మూడు సెకన్లు పీటీఓ వేసి పలకలు జారనిచ్చి, మళ్లీ అదే కొలతకు బిగించాలి.

సింగిల్ క్లచ్ ట్రాక్టర్ (చక్రాలకూ పీటీఓకూ ఒకటే క్లచ్) అయితే పీటీఓకు ఓవర్‌రన్నింగ్ క్లచ్ పెట్టకుండా స్లాషర్ నడపొద్దు. కారణం ఇది: మీరు క్లచ్ తొక్కి ఇంజనును విడదీసినా, తిరుగుతున్న బ్లేళ్ల ఊపు షాఫ్టు గుండా వెనక్కి వచ్చి చక్రాలను తోస్తూనే ఉంటుంది. గట్టు దగ్గరో కాలవ దగ్గరో ఆగాలనుకున్న ట్రాక్టర్ ఆగదు. ఓవర్‌రన్నింగ్ క్లచ్ ఊపును ఇటు రానివ్వదు, బ్లేళ్లు వాటంతటవే తిరిగి ఆగుతాయి.

ఎత్తు కుదర్చడం చదునైన గచ్చు మీదే చేయాలి. హైడ్రాలిక్ పొజిషన్ కంట్రోల్‌లో పెట్టి పక్క స్కిడ్లు, తోక చక్రం సరిచేస్తే బ్లేడు కొస నేలకు 18 నుంచి 20 సెంటీమీటర్లు ఉండాలి. టాప్ లింకుతో (స్లాషర్‌ను ట్రాక్టర్‌కు పైన కలిపే కడ్డీ) ముందు భాగం వెనకకన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి వంచండి. అప్పుడు బ్లేడు ముందువైపునే గడ్డిని కోసి వదిలేస్తుంది, ఇంజను మీద బరువు తగ్గుతుంది. వెనక దించితే అదే గడ్డిని మళ్లీ మళ్లీ నరికి సన్నగా చేస్తుంది గానీ, చాప కట్టిన బీడులో ఆ సన్నదనం కోసం ఆశపడితే ఇంజను గుక్కపడుతుంది.

కోత

మంచు ఆరాక, పది దాటాక మొదలుపెట్టండి. తడిగడ్డి డెక్కు (బ్లేళ్ల మీది ఇనప మూత) లోపల పేస్టులా అంటుకుంటుంది. నల్లరేగడిలో టైరు దిగబడే తడి ఉంటే ఇంకో వారం ఆగండి. ఆ గాడులు ఏడాదంతా ఉంటాయి.

ఇంజను తక్కువ వేగంలో ఉన్నప్పుడే పీటీఓ వేసి, బ్లేళ్లు విచ్చుకున్నాక మీటరు మీద పీటీఓ 540 గుర్తుదాకా (నిమిషానికి 540 తిరుగుళ్లు) నెమ్మదిగా పెంచాలి. ఆ తిరుగుడు చివరిదాకా తగ్గకూడదు. 5 అడుగుల స్లాషర్‌లో బ్లేళ్లు నిమిషానికి 800 సార్లు తిరుగుతుంటే వాటి కొస గంటకు 225 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. గడ్డిని కోసేది పదును కన్నా ఆ వేగమే. కాబట్టి బరువెక్కినప్పుడు యాక్సిలరేటర్ జోలికి పోకుండా గేరు తగ్గించాలి. మొదటి సాలుకు లో ఫస్టు, గంటకు 2 నుంచి 3 కిలోమీటర్లు చాలు. మరీ దట్టంగా ఉన్నచోట స్లాషర్ వెడల్పులో సగమే గడ్డిలో పెట్టి, మిగతా సగం కోసిన చోట పోనివ్వండి.

పది గజాలు పోయాక ఆపి, పీటీఓ తీసి, ఇంజను కట్టేసి, బ్లేళ్లు పూర్తిగా ఆగేదాకా ఉండి, కోసిన చోట వంగి చూడండి. కాడ కొస నున్నగా తెగి ఉంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టు. పీచులుగా చీలి, తెల్లబడి ఉంటే బ్లేడు మొద్దుబారిందనో, తిరుగుడు తగ్గిందనో అర్థం. పట్టీపట్టీలుగా గడ్డి నిలబడే ఉంటే అవి టైర్లు తొక్కిన జాడలు. ట్రాక్టర్ ముందు, స్లాషర్ వెనక కాబట్టి టైరు కింద పడుకున్న గడ్డి మీంచి బ్లేడు దాటిపోతుంది. దానికోసం అక్కడే ఎత్తు తగ్గించకండి. మూడు నాలుగు రోజులు వదిలితే ఆ గడ్డి కొంత లేస్తుంది, కోసినది ఎండి బరువు తగ్గుతుంది. అప్పుడు మొదటి సాలుకు అడ్డంగా, 8 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున రెండో సాలు తోలితే పట్టీలు పోతాయి. ఈసారి గంటకు 5 కిలోమీటర్ల దాకా పోవచ్చు. 5 అడుగుల స్లాషర్‌తో ఎకరాకు మొదటి సాలు సుమారు గంటన్నర, రెండోది గంటలోపు.

మనుషులు, పశువులు 90 మీటర్ల లోపల ఉండకూడదు. ముందూ వెనకా గొలుసుల తెర ఉన్నా సరే. బ్లేళ్లు తిరుగుతుండగా స్లాషర్‌ను ఎత్తుకు లేపడం, ట్రాక్టర్ దిగడం రెండూ వద్దు.

గంటకోసారి రేడియేటర్ జాలీ చూడండి. గడ్డి నూగు దట్టంగా పట్టి ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంది. ఇంజను ఆపి, ఫ్యాను వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి. సైలెన్సర్ మొదట్లో పేరుకున్న పొట్టు కూడా తుడిచేయండి. మార్చి తర్వాత ఎండిన బీడులో రాయికి బ్లేడు తగిలి నిప్పురవ్వ లేచినా మంట అంటుకుంటుంది. నిండా నీళ్లున్న స్ప్రేయర్ ట్యాంకు రెండు దగ్గర ఉంచండి.

కంపనం ఒక్కసారిగా మొదలైతే వెంటనే ఆపాలి. ఒక బ్లేడు విరిగి ఉండొచ్చు, తీగ చుట్టుకుని ఉండొచ్చు, బ్లేడు మడుచుకుని విచ్చుకోక ఉండొచ్చు. బ్లేళ్లు ఎప్పుడూ జతగానే మార్చాలి. పదును పెట్టేటప్పుడు రెండింటిలోనూ సమానంగా అరగదీసి, అంచును కత్తిలా పలుచన చేయకుండా ఒకటిన్నర మిల్లీమీటరు మందం ఉంచండి. పలుచటి అంచు మొదటి రాయికే వంగిపోతుంది.

చేతిలో ఫినిష్ మోవర్ మాత్రమే ఉంటే, గడ్డి మోకాలి లోపు ఉండి, నేలంతా నడిచి చూసి ఉంటేనే పెట్టండి. చక్రాల మీద ఆనకుండా హైడ్రాలిక్‌తో 15 సెంటీమీటర్లు పైకి పట్టుకుని, సగం వెడల్పుతో, నడక వేగంలో పోవాలి. గడ్డి పక్కకు పడే రకమైతే అది కోసిన వైపే పడేలా తిరగండి, లేకపోతే అదే గడ్డిని మళ్లీ కోయాల్సి వస్తుంది. రబ్బరు కాలిన వాసన వస్తే బెల్టు జారుతున్నట్టు. బెల్టు బిగించబోయే ముందు డెక్కు కింద పేరుకున్న గడ్డి గీకేయండి, చాలాసార్లు దానితోనే సరిపోతుంది.

కోశాక

పడ్డ గడ్డి రెండంగుళాల లోపు పలుచగా ఉంటే వదిలేయొచ్చు, నేలకు బలమే. ముద్దలుగా ఉంటే రెండు మూడు రోజుల్లో పంగల కర్రతో చెదరగొట్టాలి, లేదంటే కింది చిగురు పసుపెక్కి చస్తుంది, చెదలు పడతాయి. తోటల్లో ఆ గడ్డిని చెట్టు మొదలుకు రెండడుగుల దూరంలోనే ఆపండి.

వయ్యారిభామ ఉంటే పూత రాకముందే కోయాలి, పూసిన మొక్కను కోస్తే విత్తనం జల్లినట్టే. కోసినా మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది కాబట్టి వాన పడి నేల మెత్తబడ్డాక, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్లతో పీకేయాలి. అది కలిసిన కోతగడ్డి పశువులకు వేయొద్దు.

గడ్డి మళ్లీ జానెడు పెరిగాకే పశువులను వదలండి. అది పాత జొన్న చేను అయితే మోళ్లకు కొత్తగా పిలకలు వస్తాయి. ఆ జొన్న నాములో సైనైడు విషం ఉంటుంది, లేత పిలకలు మేసిన పశువు గంటలోపే పడిపోవచ్చు. అలాంటి చేలో పిలకలు నడుమెత్తు దాటేదాకా దూడను కూడా దించకూడదు.