రోహిణి కార్తెకు ముందు బండి హెడ్ దించుతున్నారా?

హెడ్ అంటే సిలిండర్ పైమూత. అందులోని వాల్వులను పేస్ట్‌తో అరగదీసి లీకేజీ ఆపే పని, అంటే వాల్వ్ గ్రైండింగ్ గురించే ఇదంతా. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం నీడలో నిలిపిన బండి కూడా 35 డిగ్రీలు దాటుతుంది. వాల్వ్ కాడకు, దాన్ని నొక్కే రాకర్ అనే మీటకు మధ్య ఉండే సన్నని సందును, అంటే ట్యాపెట్ గ్యాప్‌ను ఇంజన్ 35 డిగ్రీల లోపు ఉన్నప్పుడే కొలవాలని హోండా సర్వీస్ మాన్యువళ్లు చెబుతాయి. వేడి మీద కొలిచిన అంకె అంకె కాదు. అందుకే ఈ పని మార్చిలోనే ముగించండి. కుదరకపోతే కొలతల వరకైనా, రాత్రంతా కదపని బండి మీద పొద్దున ఆరింటికి చూడండి. వానలు పడేదాకా ఆగితే ఇంకో చిక్కు ఉంది. హెడ్ విప్పిన సిలిండర్‌లో పోత ఇనుప బోరుకు ఆయిల్ పూయకుండా వదిలేస్తే ఒక్క రాత్రికే తుప్పు పొర కనిపిస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా 100–125 సీసీ, గాలితో చల్లబడే, రెండు వాల్వుల బండి గురించి. కారు హెడ్ జోలికి ఇంట్లో పోవద్దు. కొన్ని కార్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ కాడ లోపల సోడియం ఉంటుంది. దాన్ని కోసినా పగలగొట్టినా, నీళ్లు తగిలితే భగ్గుమంటుంది.

పికప్ తగ్గింది, కిక్ తేలికైంది అనగానే హెడ్ దించకండి. ముందు ట్యాపెట్ చూడండి. గ్యాప్ తగ్గి టైటుగా ఉన్నా కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) పోతుంది. దానికి కావలసింది ఒక ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకుల కట్ట), పావుగంట సమయం.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్రోలు పోసి పార్టులు కడగొద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుని లిఫ్ట్ మోటారు దాకా, జనరేటర్ దాకా పాకుతుంది. డీజిల్, కిరోసిన్ నయమే గానీ వాటి ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పంటుకోగల వేడి) కూడా 35–40 డిగ్రీల నుంచే మొదలవుతుంది. 42 డిగ్రీల ఎండలో అవీ నమ్మదగ్గవి కావు. టెర్రస్ మీద, పొద్దున్నే, బ్యాటరీ నెగెటివ్ తీసేసి పని పెట్టుకోండి.

స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా వాల్వ్ స్ప్రింగ్‌ను పానాతో అదిమి, దాన్ని పట్టి ఉంచే లాక్‌లు తీసే అలవాటు చాలామందికుంది. జారిన స్ప్రింగ్ నేరుగా కంటికే వస్తుంది, అద్దాలు తప్పనిసరి. రాణిగంజ్ టూల్స్ దుకాణాల్లో చిన్న కంప్రెసర్ అడగండి. లాక్‌లను అయస్కాంతంతో ఎత్తి, ఇన్‌లెట్‌వి, ఎగ్జాస్ట్‌వి కోడిగుడ్ల అట్టలో వేర్వేరు గుంతల్లో పెట్టండి. క్యామ్ చైన్‌ను (వాల్వులు తెరిచే క్యామ్‌ను తిప్పే గొలుసును) తీగతో కట్టేయండి. క్రాంక్‌కేసులోకి జారిందంటే సగం రోజు పోయినట్టే.

పేస్ట్ ముట్టుకునే ముందు గైడ్ (వాల్వ్ కాడ జారే గొట్టం) చూడాలి. వాల్వ్‌ను ఒక సెంటీమీటరు పైకెత్తి అటూ ఇటూ కదిలించండి. స్పష్టంగా ఊగుతుంటే గ్రైండింగ్ దండగ, ఎందుకంటే ప్రతిసారీ వాల్వ్ వేరే చోట కూర్చుంటుంది. గైడ్ మార్చాలంటే హెడ్ వేడి చేయాలి, రీమర్ (బెజ్జం సైజు సరిచేసే పనిముట్టు) తిప్పాలి. అది లేత్ షాపు పని. వాల్వ్ ముఖం మీద గోటికి తగిలే గుంటలున్నా, అంచు కత్తిలా పలచబడ్డా పేస్ట్‌తో సాగదీయకండి. పుత్లీబౌలిలో కొత్త వాల్వ్ కొనుక్కోండి, పాత వాల్వ్‌ను మాత్రం చేత్తో పట్టుకెళ్లండి.

ఇక గ్రైండింగ్. గైడ్‌లోకి పేస్ట్ దిగకుండా కాడకు ఇంజన్ ఆయిల్ రాయండి. వాల్వ్ ముఖం మీద మూడు చోట్ల ఆవగింజంత ఫైన్ పేస్ట్ చాలు. రఫ్ పేస్ట్ చిన్న మచ్చలున్నప్పుడే. వాల్వ్‌కు అంటించిన రబ్బరు కప్పు కర్రను రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పండి, బలం పెట్టకండి. ఎనిమిది పది తిప్పులకోసారి వాల్వ్ ఎత్తి పావు చుట్టు జరిపి మళ్లీ దించండి. మొదట గరగరమంటుంది, పేస్ట్ నలిగాక చప్పుడు మెత్తబడుతుంది. అప్పుడు తుడిచి చూస్తే వాల్వ్ మీద, అది కూర్చునే సీటు మీద చుట్టూ తెగకుండా బూడిద రంగు వలయం కనబడాలి, వెడల్పు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు. అంతకంటే వెడల్పైతే కటర్‌తో సరిచేయించాలి. డ్రిల్ మిషన్‌కు తగిలించి ఒకే వైపు తిప్పితే సీటు మీద గీతలు పడతాయి, ఆ గీతల్లోంచే లీకేజీ.

పేస్ట్ కణం ఒక్కటి మిగిలినా అది గైడ్‌ను, బోరును కొరికేస్తుంది. డీజిల్‌తో కడిగి, సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి రుద్ది, తెల్లగుడ్డకు మరక అంటనంత వరకు మళ్లీ కడగండి. ఆరగానే ఆయిల్ పూసి, కొత్త ఆయిల్ సీళ్లతో బిగించండి. పోర్టు (గాలి, పొగ వెళ్లే దారి) నోరు పైకి ఉండేలా హెడ్ పెట్టి అందులో డీజిల్ పోస్తే పది నిమిషాలైనా వాల్వ్ అంచున చెమ్మ రాకూడదు.

అసలు ప్రమాదం ఇక్కడుంది. 45 డిగ్రీల వాలున్న సీటులో వాల్వ్, సీటు కలిపి 0.05 మిల్లీమీటరు అరిగితే వాల్వ్ 0.07 లోపలికి దిగుతుంది, ట్యాపెట్ గ్యాప్ అంతే తగ్గుతుంది. చాలా చిన్న బండ్ల గ్యాప్ మొత్తం 0.05–0.1 మధ్యే. అంటే పాత సెట్టింగ్‌తోనే బిగిస్తే వాల్వ్ పూర్తిగా మూసుకోకపోవచ్చు. లూజు ట్యాపెట్ టకటకమని గోల చేస్తుంది. టైటు ట్యాపెట్ చప్పుడు చేయకుండా ఎగ్జాస్ట్ వాల్వ్ అంచును కాల్చేస్తుంది, ఎందుకంటే మూసుకున్నప్పుడే వాల్వ్ తన వేడిని సీటుకు దించుకోగలదు.

రాకర్ మీద, క్యామ్ మీద పొరలు లేచి ఉంటే ఎమరీ పేపర్ పెట్టకండి. గట్టిపరచిన పొర పైపైనే ఉంటుంది, అది పోతే లోపలి మెత్తటి ఇనుము వారాల్లో అరుగుతుంది. రెండూ జతగా మార్చండి.

బిగించేటప్పుడు కొత్త హెడ్ ప్యాకింగ్ వాడండి. నట్లు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, మాన్యువల్లోని టార్క్‌కు బిగించండి. మ్యాగ్నెట్ (క్రాంక్ చివరి చక్రం) మీద, పిస్టన్ పైకొసకు చేరిందని చెప్పే టీ మార్కు, క్యామ్ స్ప్రాకెట్ గుర్తు కలిసినప్పుడు రాకర్లు రెండూ లూజుగా ఆడాలి. ఆ స్థితిలోనే గ్యాప్ పెట్టండి. వెంటనే సెల్ఫ్ నొక్కకండి. స్పార్క్ ప్లగ్ తీసి ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే వాల్వ్ పిస్టన్‌ను కొడుతున్నట్టు, టైమింగ్ మళ్లీ చూడండి.

500 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మార్చి, మళ్లీ పొద్దున ఆరింటికే గ్యాప్ కొలవండి. కొత్తగా అరగదీసిన సీటు అప్పటికి ఇంకాస్త దిగి ఉంటుంది.