ట్యూషన్ ఫోన్‌లోనా, సార్ ఇంటికా? ముందు నోట్‌బుక్ తెరవండి

ఆన్‌లైన్ ట్యూషన్ మంచిదా, సార్ దగ్గరికి పంపడం మంచిదా అని అడిగేవాళ్లలో చాలామంది బిడ్డకు ఏం రావట్లేదో చూడకుండానే అడుగుతారు. "లెక్కల్లో వీక్" అంటారు. ఆ ఒక్క ముక్కతో ఏ సారూ ఏమీ చేయలేడు. ఓ ఆదివారం పొద్దున అరగంట తీరిక చేసుకుని, పోయినేడాది పుస్తకంలోంచి ఐదు లెక్కలు తీసి ముందు పెట్టండి. ఏడో తరగతి బిడ్డకు ఆరో తరగతి పుస్తకం. పక్కనే కూర్చోండి, నోరు మాత్రం మెదపొద్దు. జవాబు సంగతి తర్వాత, పెన్సిల్ ఎక్కడ ఆగుతోందో చూడండి.

2/3 + 1/4 అనే లెక్క ఇచ్చారనుకుందాం. ఒక పిల్లాడు 3/7 అని రాస్తాడు. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపేశాడు; భిన్నం అంటే ఏమిటో వాడికి మనసుకెక్కలేదు. ఇంకో పిల్ల క.సా.గు. (ఎల్‌సీఎం) 12 అని సరిగ్గా తీస్తుంది, 8/12, 3/12 అని కూడా రాస్తుంది, తీరా చివర్లో 11/24 వేస్తుంది. పద్ధతి వచ్చు, హారాలు కలపకూడదన్న సంగతి ఒక్కటే జారిపోయింది. మూడోవాడు 11/12 అని కరెక్టుగానే తేలుస్తాడు గానీ ఆరు నిమిషాలు పడుతుంది. ఎక్కాలు రావు, నాలుగు మూళ్లు ఎంతో వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. పరీక్షలో సగం పేపర్ దగ్గరే వాడికి టైం అయిపోతుంది.

ప్రోగ్రెస్ కార్డులో ముగ్గురికీ తక్కువ మార్కులే. మందు మాత్రం వేరు. మొదటివాడికి ఎదురుగా కూర్చుని, చపాతీ ముక్కలు చేసో, కాగితం మడిచో చూపించే మనిషి కావాలి. రెండో పిల్లకు వారానికి రెండు ఆన్‌లైన్ క్లాసులు సరిపోతాయి. మూడోవాడికి ట్యూషనే అక్కర్లేదు. రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు ఎక్కాలు అప్పజెప్పించుకోండి చాలు.

బిడ్డ రాస్తుండగా, తప్పు పడ్డ గీత దగ్గరే చూసి ఆపే కన్ను ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఫోన్‌లో ఉందా, గదిలో ఉందా అన్నది ఆ తర్వాత. కరోనాకు బడులు మూతపడ్డప్పుడు, 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానళ్లలో పాఠాలు నడిచాయి, గుర్తుందా? పాఠం అందరికీ వినపడింది, నోట్‌బుక్ ఎవరికీ కనపడలేదు. నలభై మందిని గదిలో కూర్చోబెట్టి బోర్డు మీద లెక్కలు చేసుకుపోయే ట్యూషన్‌లోనూ జరిగేది అదే.

ఫీజును నిమిషాల్లోకి మార్చండి

"నెలకెంత?" అని అడిగి ఊరుకోకండి. బ్యాచ్‌లో ఎంతమంది, రోజుకు ఎంతసేపు, నెలకు ఎన్ని రోజులు అని కూడా అడగండి. మచ్చుకు కొన్ని అంకెలు వేసి చూద్దాం.

హన్మకొండలో ఒక సార్ నెలకు 2,000 తీసుకుంటాడు, రోజుకు గంటన్నర, 26 రోజులు, బ్యాచ్‌లో 20 మంది అనుకోండి. నెలకు 39 గంటలు, అంటే 2,340 నిమిషాలు. 20తో భాగిస్తే మీ బిడ్డ వాటాకు 117 నిమిషాలు, రెండు గంటల లోపే. ఆన్‌లైన్‌లో ఒక్కరికే చెప్పే మేడం నెలకు 12 గంటలకు 6,000 అడిగితే గంటకు 500 పడుతుంది. పైపైన చూస్తే మూడింతలు ఎక్కువ. బిడ్డ వాటా నిమిషాల మీద చూస్తే సార్ దగ్గరే గంటకు వెయ్యికి పైగా పడుతోంది! అదే సార్ బ్యాచ్‌లో 8 మందే ఉంటే వాటా 292 నిమిషాలకు పెరుగుతుంది, గంటకు 410 చొప్పున ఆన్‌లైన్ కంటే చవక అవుతుంది. బ్యాచ్ సైజు తెలియకుండా ఫీజు ఎక్కువో తక్కువో చెప్పలేం.

ఈ లెక్కను మరీ పట్టుకుని వేలాడొద్దు. మిగతా గంటలు వృథా ఏం కావు, తోటివాళ్ల మధ్య కూర్చుని రాసే అలవాటు అవుతుంది. ఇంట్లో టీవీ ముందు నుంచి లేవని పిల్లలకు ఆ కూర్చోవడమే పెద్ద లాభం.

తరగతి, సిలబస్

ఐదో తరగతి దాకా నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ట్యూషనే మేలు. చేతిరాత, ఒత్తులు, తీసివేతలో అప్పు తెచ్చుకోవడం లాంటివి పక్కన కూర్చుంటేనే కుదురుతాయి. కేంద్ర విద్యాశాఖ 2020లో ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు కూడా ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆన్‌లైన్ క్లాసులు రోజుకు రెండుకు మించొద్దని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని చెప్పాయి. బడిలో డిజిటల్ బోర్డు, ఇంట్లో ఫోన్, ఆపైన గంటన్నర ఆన్‌లైన్ ట్యూషన్ అంటే కళ్లకే భారం.

ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సబ్జెక్టును బట్టి తేల్చుకోండి. ఇంగ్లిష్ మాట్లాడటం, హిందీ చదవడం ఆన్‌లైన్‌లో బాగానే సాగుతాయి, ఎందుకంటే అక్కడ పనిచేసేది నోరు, చెవి. లెక్కల్లో పనిచేసేది చెయ్యి.

తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది సిలబస్ దగ్గర. ఆన్‌లైన్ కంపెనీల పాఠాలు చాలావరకు సీబీఎస్ఈ వరసలో నడుస్తాయి. మన తెలంగాణ స్టేట్ సిలబస్ పదో తరగతి గణితంలో సమితులు (సెట్స్) ఒక పూర్తి అధ్యాయం. వాస్తవ సంఖ్యల్లో సంవర్గమానాలు (లాగరిథమ్స్), శ్రేఢుల్లో గుణశ్రేఢి (జీపీ) ఉంటాయి. సీబీఎస్ఈ పదిలో ఈ మూడూ లేవు. డెమో క్లాసులో సేల్స్ వాళ్లను పక్కనపెట్టి, చెప్పబోయే టీచర్‌నే అడగండి: "పదిలో సమితులు చెప్తారా?" ఒక్క క్షణం తడబడ్డారంటే మన పుస్తకం చూడలేదని అర్థం. తెలుగు మీడియం పిల్లలకైతే "కసాగు అని చెప్తారా, ఎల్‌సీఎం అనే చెప్తారా" అని కూడా అడగండి. పరీక్షలో వచ్చేది తెలుగు మాట.

ఏటూరునాగారం, తాడ్వాయి వైపు ఊళ్లలో, భూపాలపల్లి చుట్టుపక్కల పల్లెల్లో పదో తరగతి ఫిజిక్స్ చెప్పే మనిషి దొరకడమే కష్టం. అలాంటి చోట ఆన్‌లైనే దారి, సిగ్నల్ నిలిస్తే.

ఆన్‌లైన్ అనుకుంటే బల్ల మీద ఏర్పాటు

సాధారణంగా ఫోన్‌ను బిడ్డ ముఖానికి పెడతారు. సార్‌కు గంటసేపు తల ఊపే ముఖం కనపడుతుంది, నోట్‌బుక్ కనపడదు. "అర్థమైందా?" "అయింది సార్." క్లాసు అయిపోతుంది.

రెండు ఫోన్లు వాడండి. ఒకటి సార్‌ను చూడటానికి. రెండోది నోట్‌బుక్ మీదికి. బల్ల అంచున రెండు స్టీలు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన ఒక స్కేలు అడ్డంగా వేసి, డబ్బాల మీదున్న కొసపై బరువు పెట్టి, బయటికి వచ్చిన కొసకు ఫోన్‌ను కెమెరా కిందికి ఉండేలా రబ్బరు బ్యాండుతో కట్టండి. కాగితానికి ఒక అడుగు ఎత్తులో ఉంటే పేజీ అంతా వస్తుంది. రెండో ఫోన్‌తోనూ అదే మీటింగ్‌లో చేరండి, కాకపోతే దాని మైకు, స్పీకర్ రెండూ ఆపేయాలి. ఏ ఒక్కటి మర్చిపోయినా కీచుమని మోగుతుంది. లైటు ఎడమవైపు నుంచి పడాలి, లేకపోతే రాసే చేతి నీడ లెక్క మీద పడుతుంది. ఎడమచేతి వాటం పిల్లలకు కుడివైపు. పెన్సిల్ గీత కెమెరాకు ఆనదు, నల్ల ఇంకు పెన్ను ఇవ్వండి.

గంట లైవ్ క్లాసుకు సుమారు 1 జీబీ డేటా పోతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద, పగలంతా ఇంట్లోవాళ్లు వీడియోలు చూశాక, సాయంత్రం ఏడుకు క్లాసంటే మధ్యలో ఆగిపోవడం ఖాయం. ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఉన్నా కరెంటు పోతే రౌటర్ పోతుంది. రౌటర్లలో చాలావరకు 12 వోల్టులవే. వాటికి సరిపోయే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంప్స్ ఫోటో తీసుకెళ్లండి.

బల్ల హాల్లోనే ఉండాలి, గదిలో తలుపేసుకుని వద్దు. సార్ వాట్సాప్ మెసేజీలు అమ్మానాన్నలున్న గ్రూపులోకే రావాలి, బిడ్డ నంబరుకు నేరుగా కాదు.

సార్ దగ్గరికి పంపితే

ముందు ఒకసారి ట్యూషన్ జరిగే వేళకే చెప్పకుండా వెళ్లండి. ఎంతమంది కూర్చున్నారో, ఏ తరగతులు కలిపేశారో మీ కళ్లకే కనపడుతుంది. నాలుగో తరగతి నుంచి పది దాకా ఒకే చాప మీద ఉంటే అది హోంవర్క్ చేయించే చోటు. అదే మీకు కావాల్సిందైతే సరే.

రానూపోనూ ఎంతసేపో కూడా కలపండి. హసన్‌పర్తి నుంచి హన్మకొండకు షేర్ ఆటో ఎక్కి వచ్చే బిడ్డ గంట పాఠం కోసం రెండు గంటలు పెట్టుకుంటుంది. ఇంటికొచ్చి తిని పడుకోవడమే, సొంతంగా చదివే టైం మిగలదు. వానాకాలం సంగతి వేరే చెప్పాలా? 2023 జులైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. వాన రోజుల్లో ఫోన్‌లో చెప్తారా, ఆ క్లాసు మళ్లీ పెడతారా అని జూన్‌లోనే అడిగి పెట్టుకోండి.

ఇంటికొచ్చి చెప్పే బీటెక్, డిగ్రీ పిల్లలు ఓపికగా చెప్తారు, ఫీజూ తక్కువే. కానీ వాళ్ల సెమిస్టర్ పరీక్షలు వచ్చాయంటే రెండు మూడు వారాలు కనపడరు. ఆ తేదీలు మీ బిడ్డ ఎస్ఏ (సమ్మేటివ్) పరీక్షల మీద పడతాయేమో చూసుకోండి.

బడిలో చెప్పే టీచరే సాయంత్రం ట్యూషన్‌కు రమ్మంటే ఆలోచించండి. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 28 ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. చట్టం సంగతి అలా ఉంచినా, క్లాసులో సగం చెప్పి మిగతా సగం ఇంట్లో చెప్పే పద్ధతికి మీరే ఫీజు కట్టినట్టవుతుంది.

డబ్బు దగ్గర

నెలనెలా కట్టే చోటే చేర్పించండి. ఏడాది కోర్సు, ట్యాబ్ ఉచితం, "ఈఎంఐ నెలకు ఇంతే" అన్నారంటే అది అప్పు. కంపెనీతో గొడవొచ్చి మానేసినా బ్యాంకుకు కిస్తీలు కడుతూనే ఉండాలి. ఫోన్‌లో మాట్లాడుతూ "ఓటీపీ చెప్పండి, సీటు బ్లాక్ చేస్తాం" అంటే కాల్ పెట్టేయండి. ఆన్‌లైన్ కంపెనీల్లో ఆటో డెబిట్ పెట్టొద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబర్‌లోనే హెచ్చరించింది. అప్పటికే సంతకం అయిపోయిందా? డిజిటల్ అప్పులకు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఎన్ని రోజులో అప్పు పత్రంలో రాసి ఉంటుంది. ఆ లోపల అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టి బయటపడొచ్చు. ఫీజు వాపసివ్వకుండా సతాయిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

రెండు వారాలు చూసి తేల్చండి

మొదటి ఆదివారం రాయించిన ఐదు లెక్కల కాగితం దాచిపెట్టారు కదా. రెండు వారాలయ్యాక అంకెలు మార్చి అవే ఐదు ఇవ్వండి. ఈ మధ్యలో రోజూ చూడాల్సింది ఒకటే: ట్యూషన్ నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకు ఎక్కడుందో. పేజీ కింద ఒక టిక్కు, సంతకం మాత్రమే ఉంటే బోర్డు మీంచి దింపుకున్న లెక్కలవి. లెక్క మధ్యలో, మూడో గీత దగ్గర సున్నా చుట్టి, పక్కన బిడ్డ చేత్తో మళ్లీ చేసిన లెక్క ఉంటే ఆ సార్‌ను వదలకండి, ఫోన్‌లో ఉన్నా, వీధి చివర ఉన్నా. ఆన్‌లైన్ క్లాసుల్లో ఎర్ర ఇంకు ఉండదు. దాని బదులు బిడ్డ కొట్టేసి మళ్లీ రాసిన చోట్లు వెతకండి. ఒక్క కొట్టివేత కూడా లేని శుభ్రమైన నోట్‌బుక్ వచ్చిందంటే, అందులోంచి ఒక లెక్క పేపర్ మీద రాసి, పుస్తకం మూసి చేయమనండి.