యూరికో డెక్ కదలడం లేదా? ముందు మొదటి రెండు వంతులు చూడండి

ఆదివారం మధ్యాహ్నాలు గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడతాం. విజయవాడ నుంచి కూడా ముగ్గురు నలుగురు రైలెక్కి వస్తారు. వచ్చినవారిలో ఒకరి దగ్గరైనా యూరికో డెక్ (యూరికో అనే కార్డు నాయకురాలిగా కట్టిన కార్డుల కట్ట) ఉంటుంది, అది సరిగా నడవడం లేదన్న దిగులూ ఉంటుంది. "అన్నా, ఇంకా ఏ కార్డు కొనాలి?" అన్నది మొదటి ప్రశ్న. కొనడం సంగతి తరువాత. ముందు డెక్‌ను బల్ల మీద పరచి లెక్కపెట్టాలి. ఆ పని ఎవరూ చేయరు, అందుకే ఇది రాస్తున్నాను.

కమాండర్ ఆట, అంటే ఒక కార్డును నాయకుడిగా పెట్టుకుని మిగతా 99 కార్డులతో ఆడే మ్యాజిక్, తెలిసినవారి కోసమే ఇది. యూరికో, ది టైగర్స్ షాడో 2018లో వచ్చింది. దాడికి పంపిన మన జీవిని ఎవరూ అడ్డుకోకపోతే, నీలం ఒకటి, నలుపు ఒకటి మానా (ల్యాండ్ కార్డులు ఇచ్చే శక్తి, కార్డులు ఆడటానికి కట్టేది) కట్టి ఆ జీవిని చేతిలోకి తీసుకుంటాం. దాని చోటులో యూరికో కమాండ్ జోన్ (నాయకుడి కార్డు వేచి ఉండే చోటు) నుంచి నేరుగా దాడిలోకి దిగుతుంది. మన నింజా జాతి జీవి ఏదైనా ప్రత్యర్థిని తాకితే లైబ్రరీ (ఇంకా తీయని కార్డుల దొంతర) పై కార్డు తెరిచి చేతిలోకి తీసుకుంటాం, దాని మానా విలువ (కార్డు మీద రాసిన ఖర్చు) ఎంతో అంత లైఫ్ ప్రత్యర్థులందరికీ తగ్గుతుంది. మొదటి వంతులో చిన్న జీవి, రెండో వంతులో యూరికో. డెక్ మొత్తం ఈ రెండు వంతుల మీదే నిలబడి ఉంది.

లక్షణం: రెండో వంతులో దాడికి పంపడానికి జీవే ఉండదు

కారణం కళ్ల ముందే ఉంటుంది. ఒక్క మానాతో దిగి, అడ్డు పడకుండా వెళ్లే జీవులు తక్కువ. స్లిదర్ బ్లేడ్, మిస్ట్-క్లోక్డ్ హెరాల్డ్, ట్రైటన్ షోర్‌స్టాకర్, టార్మెంటెడ్ సోల్, ఫేరీ సీర్, చేంజ్‌లింగ్ ఔట్‌కాస్ట్ వంటివి. ఇవి చూడటానికి బక్కగా ఉంటాయి కాబట్టి ఆరేడు పెట్టి సరిపెట్టుకుంటారు. 99 కార్డులలో ఇవి 8 ఉంటే, మొదటి ఏడు కార్డుల చేతిలో ఒక్కటైనా వచ్చే అవకాశం 46 శాతం. అంటే సగం ఆటలు మొదలవకముందే చేజారుతున్నాయి. 14 ఉంటే 67 శాతం, 18 ఉంటే 77 శాతం. నేను 16కు తగ్గనివ్వను. చోటు కోసం ఐదు మానా, ఆరు మానా నింజాలను తీసేయండి. ఇంక్-ఐస్ బొమ్మ ఎంత అందంగా ఉన్నా సరే.

చేంజ్‌లింగ్ ఔట్‌కాస్ట్ మాత్రం ఎప్పటికీ తీయకండి. అది అన్ని జాతులకూ చెందుతుంది కాబట్టి తానే నింజా కూడా. యూరికో బల్ల మీద ఉంటే అది తాకినా పై కార్డు తెరుచుకుంటుంది.

లక్షణం: జీవులు సరిపడా ఉన్నాయి, అయినా యూరికో మూడో వంతుకో నాలుగో వంతుకో గానీ రాదు

నన్ను చాలాకాలం ఏడిపించిన సమస్య ఇదే. జీవులు 17 పెట్టుకున్నాను. చేతిలో స్లిదర్ బ్లేడ్ కనబడుతూనే ఉండేది. అయినా ఎందుకో ఒక వంతు వెనకబడేవాడిని. నింజాలు మార్చాను, మంత్రాలు మార్చాను, పై కార్డులు సర్దే కార్డులన్నీ మార్చాను. ఏమీ మారలేదు. చివరికి ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ప్రతి ఆటలోనూ రెండో వంతు ముగియగానే ఒక్క వాక్యం రాయడం మొదలుపెట్టాను: యూరికో వచ్చిందా, రాకపోతే ఏది అడ్డుపడింది? నాలుగు ఆదివారాల తరువాత పేజీలు తిరగేస్తే ఒకే మాట మళ్లీ మళ్లీ కనబడింది. "ల్యాండ్ అడ్డంగా దిగింది."

ట్యాప్ అయి దిగే ల్యాండ్‌లు, అంటే అడ్డంగా దిగి ఆ వంతులో మానా ఇవ్వనివి. డిమీర్ గిల్డ్‌గేట్, డిస్మల్ బ్యాక్‌వాటర్, టెంపుల్ ఆఫ్ డిసీట్ లాంటివి. రెండు రంగులూ ఇస్తాయి, చౌకగా దొరుకుతాయి, సిద్ధంగా కట్టి అమ్మే డెక్‌లలో గుట్టగా వస్తాయి. వేరే డెక్‌లలో వీటితో నష్టం లేదు. మొదటి వంతులో చేయడానికి ఎలాగూ పనేమీ ఉండదు కాబట్టి ల్యాండ్ అడ్డంగా దిగినా ఒకటే, నిలువుగా దిగినా ఒకటే. అందుకే "అలాంటివి పది పన్నెండు ఉన్నా పరవాలేదు" అని అనుభవం ఉన్నవారు కూడా చెబుతారు. వారి డెక్‌లకు ఆ మాట నిజమే. యూరికోకు కాదు.

లెక్క చూడండి. దిగిన వంతులోనే జీవి దాడి చేయలేదు. కాబట్టి రెండో వంతులో దాడి చేయాలంటే స్లిదర్ బ్లేడ్ మొదటి వంతులోనే దిగి తీరాలి. మొదటి ల్యాండ్ అడ్డంగా దిగితే ఆ వంతు మానా లేదు, స్లిదర్ బ్లేడ్ రెండో వంతుకు జారుతుంది, యూరికో మూడో వంతుకు జారుతుంది. మొదటిది నిలువుగా దిగి రెండోది అడ్డంగా దిగినా ఇదే గతి. యూరికోకు రెండు మానాలు కావాలి, మీ దగ్గర ఒకటే ఉంటుంది. ఒక వంతు పోవడమంటే ఒక కార్డూ, ముగ్గురు ప్రత్యర్థుల లైఫ్‌లో ఒక కోతా పోయినట్టు. ఈలోగా అవతలివాళ్లు అడ్డుకునే జీవులను దింపుకుంటారు. ఎగిరి వెళ్లే ఫేరీ సీర్ లాంటివాటికి రెండో వంతులో ఖాళీగా ఉన్న దారి మూడో వంతుకల్లా మూసుకుపోతుంది.

ఈ కారణం దొరకకుండా దాక్కోవడానికి ఒక కారణం ఉంది. ఆట ఓడాక మనకు గుర్తుండేది చివరి వంతు. ఎవరో బల్లంతా తుడిచేశారు, ఎవరో మన మంత్రాన్ని కౌంటర్ చేసి ఆపేశారు, అదే చెప్పుకుంటాం. మొదటి వంతులో నిశ్శబ్దంగా పక్కకు వాలిన గిల్డ్‌గేట్ ఎవరికీ గుర్తుండదు.

ఇంతకన్నా మాయదారివి కొన్ని ఉన్నాయి. ఇవి ఒక్కోసారి నిలువుగా దిగుతాయి, ఒక్కోసారి అడ్డంగా. షిప్‌రెక్ మార్ష్‌కు అంతకుముందే మరో రెండు ల్యాండ్‌లు ఉండాలి. అంటే మనకు అవసరమైన ఆ రెండు వంతులలోనూ అది అడ్డంగానే దిగుతుంది. డ్రౌన్డ్ క్యాటకూంబ్‌కు మీ దగ్గర ఐలండ్ (నీలం ఇచ్చే ల్యాండ్) గానీ స్వాంప్ (నలుపు ఇచ్చేది) గానీ ఉండాలి. మొదటి వంతులో అది పనికిరాదు, రెండో వంతులో బంగారం. మార్ఫిక్ పూల్ ఇద్దరు ప్రత్యర్థులుంటేనే నిలువుగా దిగుతుంది. నలుగురు ఆడే బల్ల దగ్గర ఇంతకన్నా మంచిది లేదు, ఇంట్లో ఇద్దరే కూర్చుని పరీక్షిస్తే మోసం చేస్తుంది. డార్క్‌వాటర్ క్యాటకూంబ్స్ నిలువుగానే దిగుతుంది కానీ, ఒక మానా పోస్తేగానీ రంగులివ్వదు. మొదటి ల్యాండ్ అదే అయితే చేతిలో జీవి పెట్టుకుని చూస్తూ కూర్చోవాలి.

పరీక్ష చాలా తేలిక. ఒంటరిగా కూర్చుని డెక్ కలిపి ఏడు కార్డులు తీసి, రెండు వంతులు మాత్రమే ఆడండి. కమాండర్ బల్ల దగ్గర మొదటి వంతు ఆడేవారు కూడా కార్డు తీస్తారు కాబట్టి ఆ రెండు కార్డులనూ లెక్కలోకి తీసుకోండి. రెండో వంతులో జీవి దాడికి వెళ్లి, నీలమూ నలుపూ రెండూ సిద్ధంగా ఉన్నాయా? ఉంటే ఒక గీత, లేకపోతే కారణం. మళ్లీ కలపండి. ఇలా ఇరవై సార్లు. అరగంట పడుతుంది. మొన్న ఇంటర్ చదివే కుర్రవాడొకడు మా వరండాలో చాప మీద కూర్చుని ఇది చేశాడు. పదోసారికే తలెత్తి, "ల్యాండ్‌లే అన్నా" అన్నాడు.

పరిష్కారానికి డబ్బు కూడా అక్కర్లేదు. గిల్డ్‌గేట్‌ల చోట మామూలు ఐలండ్, స్వాంప్ పెట్టండి. ఒక్క రంగే ఇచ్చినా నిలువుగా దిగే ల్యాండ్, రెండు రంగులిచ్చి అడ్డంగా దిగేదానికన్నా ఈ డెక్‌కు మేలు. ఒక్క మానా జీవులలో ఎక్కువ నీలం కాబట్టి ఐలండ్‌లు కాస్త ఎక్కువ ఉండాలి. కమాండ్ టవర్ తప్పనిసరి. చేతిలో డబ్బుంటే అండర్‌గ్రౌండ్ రివర్, క్లియర్‌వాటర్ పాత్‌వే, చోక్డ్ ఎస్చురీ, ఆ పైన వాటరీ గ్రేవ్. రివర్ రంగు ఇచ్చినప్పుడల్లా ఒక లైఫ్ పోతుందని, గ్రేవ్‌కు రెండు కట్టాలని వెనకాడకండి. మీకున్నవి 40. అడ్డంగా దిగేవి మొత్తం మీద మూడు మించకూడదు, వాటిలో ఒకటి టెంపుల్ ఆఫ్ డిసీట్ అయితే పై కార్డు చూసుకునే లాభమైనా ఉంటుంది.

ఇక చేతిని వదులుకోవడం. ఎక్కువమంది ఆడే బల్లలో మొదటి మల్లిగన్ ఉచితం. జీవి లేని ఏడు కార్డులను, ఎంత మంచి మంత్రాలున్నా, వెనక్కి ఇచ్చేయండి.

లక్షణం: యూరికో ఒకసారి తాకుతుంది, తరువాత ఎప్పుడూ అడ్డుకుంటూనే ఉంటారు

యూరికో 1/3 జీవి, అంటే బలం ఒకటి, దెబ్బ తట్టుకునే శక్తి మూడు. దొంగచాటుగా రావడమే ఆమె విద్య, వచ్చాక దాక్కునే శక్తి ఏమీ లేదు. ఎగరదు కూడా. టెట్సుకో ఉమెజావా పెట్టుకోండి. బలం గానీ దెబ్బ తట్టుకునే శక్తి గానీ ఒకటి మించని మీ జీవులను ఎవరూ అడ్డుకోలేరు, యూరికో బలం ఒకటే కాబట్టి ఆమెకూ అది వర్తిస్తుంది. టెట్సుకో రాకపోతే యూరికోను ఇంట్లో కూర్చోబెట్టి, చిన్న జీవిని పంపి మూన్-సర్క్యూట్ హ్యాకర్ లాంటి మరో నింజాను దించండి. తాకేది ఏ నింజా అయినా ఫలితం అదే.

ఇక్కడే ఇంకో తప్పు చూస్తాను. బలమైన ప్రత్యర్థి మీదికే దాడికి వెళ్లి గోడకు తల కొట్టుకుంటారు. లైఫ్ తగ్గేది అందరికీ. ఎవరి ముందు జీవులు లేవో వారినే తాకండి.

లక్షణం: తాకుతూనే ఉన్నాను, ఎవరి లైఫూ తగ్గడం లేదు

ల్యాండ్ తెరుచుకుంటే సున్నా. డెక్‌లో మూడింట ఒక భాగం ల్యాండ్‌లే. పెద్ద విలువ ఉండి, తక్కువ ఖర్చుతో ఆడగలిగే కార్డులు కావాలి: ట్రెజర్ క్రూజ్, డిగ్ త్రూ టైమ్ రెండూ ఎనిమిదేసి, టెంపొరల్ ట్రెస్‌పాస్ పదకొండు. కమిట్, మెమరీ రెండు ముక్కలున్న కార్డు లైబ్రరీలో ఉన్నంతసేపు నాలుగూ ఆరూ కలిపి పది. డ్రాకో పదహారు, అది ఆడటానికి కాదు, తెరవడానికే. ఇలాంటివి పది లోపే చాలు. వాటిని పైకి తేవడానికి బ్రెయిన్‌స్టార్మ్, సెన్సేస్ డివైనింగ్ టాప్, వాంపైరిక్ ట్యూటర్ ఉండాలి.

మిగిలినవి, అరుదుగా

నింజుట్సు, అంటే జీవిని చేతిలోకి తీసుకుని నింజాను దించే ఆ పద్ధతి, మంత్రం కాదు కాబట్టి దాన్ని కౌంటర్‌స్పెల్‌తో ఆపలేరు, కమాండర్ టాక్స్ (కమాండర్‌ను మళ్లీ ఆడేటప్పుడు పెరిగే ఖర్చు) కూడా పడదు. మూడు మానాలు కట్టి యూరికోను మామూలుగా ఆడుతున్నవారు వెంటనే మానేయండి. మీ చిన్న జీవి ప్రత్యర్థి మీదికి కాక అతని ప్లేన్స్‌వాకర్ కార్డు మీదికి వెళ్లి ఉంటే యూరికో కూడా దాని మీదికే దిగుతుంది, ఏ కార్డూ తెరుచుకోదు. ఎవరైనా రెస్ట్ ఇన్ పీస్ (వాడేసిన కార్డుల కుప్పను ఆట నుంచే తీసేసే కార్డు) ఆడితే, ఆ కుప్పతోనే ఖర్చు తగ్గించుకునే క్రూజ్ లాంటివి చేతిలోనే ఉండిపోతాయి, ఆ ఒక్క ఆట మరచిపోండి.

మా గుంటూరు ఉక్కపోతకు మెరుపు (ఫాయిల్) కార్డులు విల్లులా వంగుతాయి. పై కార్డు మీదే నడిచే డెక్ ఇది, వంగిన కార్డు పైకి వస్తే తెరవకముందే అందరికీ తెలిసిపోతుంది. డ్రాకో మామూలు కార్డే కొనండి.