దీర్ఘకాలిక నొప్పికి సరైన వైద్యం ఎలా రాబట్టుకోవాలి?

రిపోర్టులన్నీ నార్మల్. నొప్పి మాత్రం పోదు. మూడు నెలలు దాటినా వదలని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో (2022 జనవరి నుంచి అమల్లో ఉంది) దీనికి సొంత కోడ్ ఉంది. కాబట్టి "స్కానింగ్‌లో ఏమీ లేదు, ఇక వెళ్లండి" అన్నా మీరు లేచి వచ్చేయకండి. "మరి ఈ నొప్పికి ఏం చేద్దాం సార్?" అని అడగండి.

1. ఆగకూడని సందర్భాలు

నడుం నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి.

2. నొప్పిని కాగితం మీద పెట్టండి

ఉస్మానియా, గాంధీ ఓపీల్లో మీ వంతు వచ్చేసరికి దొరికేది కొద్ది నిమిషాలే. "ఒళ్లంతా నొప్పులు సార్" అంటే అవీ పోతాయి. ముందే రెండు వారాలు రోజూ నాలుగు ముక్కలు రాసుకోండి: ఎక్కడ, ఎలా, ఎప్పుడు, దానివల్ల ఏ పని ఆగింది.

సలుపుతోందా, గుంజుతోందా, పొడుస్తోందా, మంటా? మందు దీన్నిబట్టే మారుతుంది. మంట, తిమ్మిర్లు, కరెంటు కొట్టినట్టు ఉంటే నరాల నొప్పి కావచ్చు. దానికి మామూలు పెయిన్ కిల్లర్లు అంతగా పనిచేయవు, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి రాస్తారు. రెండోది డిప్రెషన్ మందని మెడికల్ షాపులో విని చాలామంది మానేస్తారు. మానొద్దు, తక్కువ డోసులో అది నరాల నొప్పికి ఇస్తారు. పొద్దున లేవగానే కీళ్లు అరగంటకు పైగా బిగుసుకుపోయి, కదిలేకొద్దీ సడలుతుంటే అదీ రాయండి, కీళ్లవాతం ఉందేమో చూస్తారు.

సున్నా నుంచి పదిలో ఎంత అని అడుగుతారు. అంకె చెప్పి ఊరుకోకండి. "కింద కూర్చుంటే లేవలేను. అమీర్‌పేట మెట్రోలో మెట్లు ఎక్కలేక లిఫ్టు కోసం చూస్తున్నా. రాత్రి రెండింటికి మెలకువొస్తే మళ్లీ నిద్ర లేదు." ఎనిమిది అన్న అంకె కన్నా ఈ మూడు మాటలే డాక్టర్‌కు పనికొస్తాయి. వంటా, పనీ ఎలాగో నెట్టుకొస్తున్నాం కదా అని మన ఇళ్లలో ఆడవాళ్లు ఇక్కడే తగ్గించి చెబుతారు. ఆ నెట్టుకురావడానికి ఎంత అవస్థ పడుతున్నారో అదే చెప్పాలమ్మా.

3. గోలీల వెనక చూడండి

ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్ పేర్లు వేరైనా ఒకే కోవ మందులు, రెండూ కలిపి వేసుకోవద్దు. నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎసెక్లోఫెనాక్ గోలీల్లో చాలావాటిలో పారాసెటమాల్ కూడా కలిసి ఉంటుంది. దానిమీద డోలో (అదీ పారాసెటమాలే) వేస్తే లెక్క తప్పుతుంది. పారాసెటమాల్‌కు పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ హద్దు, లివర్ జబ్బు ఉంటే ఇంకా తక్కువ.

4. మంచి రోజున ఆగండి

నొప్పి తగ్గిందని ఇల్లంతా కడిగేసి మర్నాడు మంచం పట్టడం చాలా ఇళ్లలో చూస్తాం. పది నిమిషాలు నడవగలిగితే ఏడు దగ్గరే ఆపి, వారానికి కాస్త పెంచండి. పూర్తి విశ్రాంతి కండరాలను ఇంకా బలహీనం చేస్తుంది.

5. ఎక్కడ అడగాలి

పెద్ద ఆసుపత్రుల్లో పెయిన్ క్లినిక్‌ను చాలాచోట్ల అనస్థీషియా విభాగమే నడుపుతుంది. ఓపీ కౌంటర్‌లో ఆ పేరుతోనే అడగండి. క్యాన్సర్ నొప్పికైతే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) ఉంది. బలమైన నొప్పి మందు మార్ఫిన్ రాస్తే ఇక చివరి రోజులే అనుకుని మందు దాచేయకండి. అది నొప్పి తీవ్రతను బట్టి ఇచ్చేది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) భయంతో ఏళ్ల తరబడి ఆసుపత్రులే దాన్ని ఉంచుకోలేదు. వైద్య అవసరాలకు దొరికేలా 2014లో చట్టాన్ని సవరించారు.

6. లేకపోతే పెట్టమనండి

మీ దగ్గరి ప్రభుత్వ దవాఖానలో నొప్పికి విడిగా ఓపీ లేకపోతే సూపరింటెండెంట్‌కు అర్జీ ఇవ్వండి, ఒక నకలు సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక పేజీ చాలు: ఎన్నాళ్లుగా నొప్పి, ఎన్ని విభాగాలు తిప్పారు, ఎంత ఖర్చయింది, ఎన్ని రోజుల కూలీ పోయింది. వారానికి ఒక్క రోజైనా పెయిన్ ఓపీ, ఫిజియోథెరపిస్టు కావాలని స్పష్టంగా రాయండి. అదే ఓపీ వరుసలో మీ పక్కన కూర్చున్నవాళ్ల సంతకాలు కూడా తీసుకోండి.